చింతగింజల బల్ల, కేసినో ఓటు

ఎడ్మంటన్

మరిది సుబ్బరాజు గారికి వదిన లక్ష్మమ్మ ఆశీస్సులు.

ఫోన్లో మీకు సరిగా వినబడదు కనుక రాస్తున్నాను. కొత్త కేసినోలకు అనుమతిచ్చి కట్టుబాట్లు పెట్టాలా, వద్దా అని మా ప్రావిన్స్ అంతటా ఓటు పెడుతున్నారు. సిటిజన్‌షిప్ వచ్చాక నాకిదే మొదటి ఓటు. మా ఇంట్లో సోఫా కూడా నన్నడిగి కొనలేదు. జూదశాల తెరవడానికి ప్రభుత్వం నన్నడుగుతోందండీ!

మీరు యూనివర్సిటీలో సంభావ్యత శాస్త్రం బోధించినవారు. అవుననాలా, కాదనాలా?

జవాబు కోసం ఎదురుచూసే,
లక్ష్మమ్మ

తా.క. శనివారాలు మా ఇంట్లో నేనూ, నలుగురు స్నేహితురాళ్ళూ చింతగింజలు పందెం కాసి రమ్మీ ఆడతాం. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి.

హామిల్టన్

పూజ్యులైన వదిన గారికి నమస్కారాలు.

చింతగింజలకు భయం లేదు. ఇక ప్రశ్న. ఆడేకొద్దీ గెలుపు కేసినో నడిపేవారిదే. ఇది లెక్కతో రుజువైన విషయం. అయితే, అనుమతి లేనంత మాత్రాన ఆట ఆగదు. చాటుకు పోతుంది, అక్కడ ఆడేవారికి రక్షణ ఉండదు. అయినప్పటికీ, అందుబాటు పెరిగితే వ్యసనమూ పెరగవచ్చు. ఓటు మీది, నిర్ణయం నేను చెప్పరాదు.

విధేయుడు,
సుబ్బరాజు

తా.క. దయచేసి ఉత్తరం చివరిదాకా చదవండి.

ఎడ్మంటన్

మరిది గారికి,

చివరిదాకా చదవనివ్వలేదు. రమ్మీ బల్ల దగ్గర స్నేహితురాళ్ళకు పైకి చదువుతున్నాను. "గెలుపు నడిపేవారిదే" అనగానే సుగుణ, "చూశారా, ప్రొఫెసర్ గారు వద్దంటున్నారు!" అంది. "అయితే" అనగానే వాసంతి, "నువ్వు కూర్చోవే, కావాలంటున్నారు!" అంది. "అయినప్పటికీ" దాకా ఎవరూ ఆగలేదు. ఇద్దరూ అలిగి వెళ్ళిపోయారు. శనివారం ఎవరూ రాలేదు. నా మనవలు నాకు ఇంగ్లిష్‌లోనే జవాబిస్తారు. ఆ బల్ల పోతే నాకు తెలుగులో పోట్లాడే తోడు కూడా ఉండదు. ఒక్క మాటలో రాయండి.

దిగులుతో,
లక్ష్మమ్మ

తా.క. మీ ఉత్తరం ఫోటో ఇక్కడి తెలుగు అసోసియేషన్ వాట్సాప్‌లోకి ఎక్కింది. ఒక వర్గం పై సగం మాత్రమే కత్తిరించి పంపుతోంది, రెండో వర్గం మధ్య ముక్క.

హామిల్టన్

వదిన గారికి,

ఒక్క మాటలో తేలేదైతే ప్రావిన్స్ అంతటినీ అడిగేవారు కాదు. నాకు ఇప్పటికీ అబ్బురం ఒక్కటే: మీ చీటీ పెట్టెలో పడ్డాక, మంత్రి గారి చీటీ పక్కన చేరినా, ఏది ఎవరిదో ఏ గణితమూ చెప్పలేదు. ఆ మర్యాద మీ స్నేహితురాళ్ళకూ చెందుతుంది. ఎవరెటు వేశారని అడగకండి, చెప్పకండి. ముక్కలు పంచండి.

మీ మేలు కోరే,
సుబ్బరాజు

తా.క. ఓటుకు స్వెట్టర్ వేసుకుని వెళ్ళండి. ఇందులో "అయితే" లేదు.

ఎడ్మంటన్

మరిది గారికి,

వేశాను! ఒక అట్ట తెర, చిన్న పెన్సిలు. చీటీ రెండుసార్లు చదువుకున్నాను. చీటీలిచ్చే అమ్మాయి "తొందరేం లేదు" అన్నట్టు తల ఊపి దూరంగా నిలబడింది. ప్రావిన్స్ మొత్తం నా కోసం ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది.

బయట వరుసలో సుగుణ, వెనకే మొహం తిప్పుకుని వాసంతి. మీ మాట చెప్పాను. "అలాగైతే అక్కా, నువ్వెటు వేశావ్?" అని ఇద్దరూ ఒక్కసారే అడిగారు. "చెప్పను పో" అన్నాను. ముగ్గురం నవ్వేశాం.

శనివారం బల్ల నిండింది. మేమూ బిస్కెట్ డబ్బాలో ఓటు పెట్టుకున్నాం: "ప్రొఫెసర్ గారి సలహా మళ్ళీ అడగాలా?" నాలుగు "వద్దు", ఒకటి "కావాలి".

చింతగింజలు గెలిచిన,
లక్ష్మమ్మ

తా.క. ఆ ఒక్క ఓటు ఎవరిదో చెప్పకూడదు కదా. స్వెట్టర్ వేసుకునే వెళ్ళాను.