ఫైళ్ల నెత్తిన ఏడు ప్రశ్నార్థకాలు

ఫిబ్రవరి 8, శనివారం

పారాయణం అయింది. తమ్ముడు అనిల్ పెరటి షెడ్డులో చెక్క కోస్తున్నాడు. చర్ల దగ్గరి ఆడపిల్లల హాస్టల్‌కి రెండు స్పీకర్లు చెయ్యాలి. అక్కడి హాలులో మైకు పెడితే మాట గోడలకు కొట్టుకుని ముద్దయిపోతుంది. చివరి వరుసకు ఏమీ అర్థం కాదు. వార్డెన్ హేమలత గారు స్వయంగా వచ్చి, పాటలు దుమ్ములేపుడు నాకొద్దు తమ్మీ, మాట వినపడితే చాలు అని చెప్పి వెళ్లారు. ఇరవయ్యో తారీఖున వార్షికోత్సవం.

ఇది కుదరకపోతే షెడ్డు మూసేసి, ఖమ్మంలో మా మేనమామ మిర్చి కమీషన్ దుకాణంలో కూర్చుంటానని అనిల్ మాట ఇచ్చాడు. నలభై రెండేళ్లవాడు. మిర్చి ఘాటు తగిలితే పద్దెనిమిది తుమ్ములు తుమ్ముతాడు. మామయ్య రోజూ నాకు ఫోన్ చేసి, కుర్చీ తుడిపించి పెట్టిన రత్నం, వాణ్ని జల్దీ పంపు అంటాడు.

ఫిబ్రవరి 10, సోమవారం

అనిల్ హైదరాబాద్ స్నేహితుడి దగ్గర కొలత మైకు అరువు తెచ్చాడు. శబ్దం ఏ పక్కకు ఎంత పోతుందో చూడ్డానికి స్పీకర్‌ని పది డిగ్రీలకొకసారి తిప్పుతూ కూయించాడు. లావు గొంతుతో మొదలై ఈలలోకి పోయే కూత. పెట్టెలో ఉండే పెద్ద యూనిట్‌కి పంతొమ్మిది కూతలు, చిన్నదానికి పంతొమ్మిది. కుక్కర్ పెట్టకక్కా, గంట కొట్టకు, దగ్గొస్తే ఆపుకో అన్నాడు. హారతి గంట లేకుండానే ఇచ్చాను. పక్కింటి కుక్క ముప్పై ఎనిమిది కూతలకూ జవాబు చెప్పింది. కానీ కూత పూర్తయ్యాకే. మర్యాద తెలిసిన కుక్క.

సాయంత్రం బస్సులో మైకు తిరిగి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 11, మంగళవారం

కొలిచే సాఫ్ట్‌వేర్ ఒకటి, డిజైన్ చేసేది ఇంకొకటి. ఆ రెండిటికీ మాటల్లేవట. మధ్యలో కూతకొక టెక్స్ట్ ఫైలు రాయబారం చెయ్యాలి. ఫైలు నిండా మూడు నిలువు వరుసల్లో అంకెలు. పైన మాత్రం మొదటి సాఫ్ట్‌వేర్ తన గురించి ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు రాసుకుంటుంది. రెండోదానికి అవి పడవు. నోట్‌ప్యాడ్‌ల ఆ లైన్లు తీసెయ్యక్కా, నీకు టైపు వచ్చు గదా అన్నాడు అనిల్. వచ్చు. లోయర్ పాసయ్యాను, 1989లో.

తీశాను. తీస్తే కాగితం బోసిగా ఉంది. మా ఇంట్లో కిరాణా చీటీకైనా పైన శ్రీరామ ఉంటుంది. ప్రతి ఫైలు మీదా తెలుగులో శ్రీరామ అని కొట్టాను. సేవ్ చేసిన ప్రతిసారీ అనిల్ పాత లాప్‌టాప్ ఇంగ్లిష్‌లో ఏదో అడిగింది. ఓకే నొక్కాను. ముప్పై ఎనిమిదిసార్లు. మనసుకు హాయిగా ఉంది.

ఫిబ్రవరి 12, బుధవారం

డిజైన్ సాఫ్ట్‌వేర్ ఒక్క ఫైలూ తీసుకోలేదు.

సాయంత్రం 4

అనిల్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాడు. అన్నం ముట్టలేదు. ఎక్స్‌పోర్ట్‌లనే ఏదో తేడా కొట్టిందక్కా అని ఫైళ్లన్నీ మళ్లీ తీసి ఇచ్చాడు. పాపం అనిపించింది. ఈసారి ఒక్కోదాని మీద రెండుసార్లు కొట్టాను.

ఫిబ్రవరి 13, గురువారం

ఇవాళా తీసుకోలేదు. గుడికి వెళ్లాను. అర్చన ఎవరి పేరున అని పూజారి గారు అడిగారు. ఫైళ్ల పేరున అన్నాను. గోత్రం అడగలేదు.

మధ్యాహ్నం 12:30

కంప్యూటర్ దుకాణం హాతీరాం వచ్చాడు. ఫైలు తెరిచి, ఏంది సార్ గిది, నెత్తి మీద అన్ని క్వశ్చన్ మార్కులే అన్నాడు. లెక్కపెట్టాడు. మొన్నటి ఫైళ్లలో ఏడేసి. నిన్నటి ఫైళ్లలో పద్నాలుగేసి. వైరస్ పెరుగుతుంది సార్, రేపటికి ఇరవై ఒకటి అయితయి, ఏదీ ముట్టకుండ్రి అని వెళ్లిపోయాడు. రేపు పదకొండింటికి వచ్చి మొత్తం ఫార్మాట్ కొడతాడట. కొలతలన్నీ పోతాయి. ఇరవయ్యో తారీఖులోపు మైకు మళ్లీ దొరకదు.

అనిల్ మామయ్యకు ఫోన్ చేశాడు. కుర్చీ ఇంకా ఉన్నదా మామా అని అడిగాడు.

సాయంత్రం 5

మొన్న ఏడు. నిన్న దానికి రెండింతలు. నేను కొట్టిందీ మొన్న ఒకసారి, నిన్న రెండుసార్లు. సరిగ్గా ఆ చోటనే.

ఆ వైరస్ నేనే.

ఫిబ్రవరి 14, శుక్రవారం, ఉదయం 6

దీపం పెట్టి, అనిల్‌కి చెప్పేశాను. అవి ప్రశ్నలు కావురా, స్వామి పేరు అన్నాను.

ఆ నోట్‌ప్యాడ్ అలా సేవ్ చేస్తే తెలుగు నిలవదట. అందుకే ప్రతిసారీ అడిగిందట, ఈ అక్షరాలు పోతాయి, ఫరవాలేదా అని. డెబ్భై ఆరుసార్లు ఫరవాలేదన్నాను.

అనిల్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. మూడు దినాలక్కా అన్నాడు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో తేల్చుకోలేకపోయాను. క్షమించమన్నాను. లేచి, మొదటి ఫైలులో పై లైను చెరిపాడు. సాఫ్ట్‌వేర్ తీసుకుంది. తెర మీద ఒక గీత కొండలా లేచింది. దాన్ని చూస్తూ కాఫీ అడిగాడు.

ఉదయం 11

హాతీరాం ఫార్మాట్‌కి సామాన్లతో వచ్చాడు. వైరస్ దొరికింది అని అనిల్ నన్ను చూపించాడు. హాతీరాం విని విని, పేరు ఉండాల్సిందేనా పెద్దమ్మా అని అడిగాడు. అవ్ అన్నాను. అట్లయితే ముందొక స్టార్ పెట్టి ఇంగ్లిష్ అక్షరాలల్ల కొట్టు, ఆ లైన్‌ని సాఫ్ట్‌వేర్ చదవకుండ దాటేస్తది అన్నాడు. అది చదవకపోతే నీకు ఫర్వాలేదా అక్కా అని అనిల్ ఎత్తిపొడిచాడు.

దాన్ని చదవమని ఎవరన్నారు, ఉంటే చాలు అన్నాను.

ముప్పై ఎనిమిదీ తీసుకుంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

అనిల్ స్పీకర్ పెట్టెలు బిగిస్తూ పాడుతున్నాడు. శ్రుతి లేదు.

ఫిబ్రవరి 20, గురువారం, చర్ల

హేమలత గారు మైకు ముందుకు వచ్చి, మాట్లాడబోయే ముందు చిన్నగా నిట్టూర్చారు. అది చివరి వరుసదాకా వినపడింది. పిల్లలందరూ తిరిగి నిట్టూర్చారు. అందరికంటే గట్టిగా, వెనక తలుపు దగ్గర నిలబడ్డ అనిల్.