నా ఆమెన్‌ను రద్దు చేయమని మనవి

గద్వాల,
12-09-2025, శుక్రవారం.

ఈ రోజు అయిన పనులు: జొన్నరొట్టెలు పన్నెండు, బట్టలు రెండు బకెట్లు, అత్తమ్మ కాళ్లకు నూనె, మిరపకాయలు ఎండబెట్టి ఎత్తుట. కానిది ఈ అర్జీ ఒక్కటే.

ప్రిన్సిపాల్ అయ్యగారికి,
మన క్రైస్తవ వేదాంత కళాశాల.

విషయం: సోమవారం కమిటీలో నేను పలికిన ఆమెన్‌ను సమ్మతిగా లెక్కించవద్దని, పరీక్షను మళ్లీ పగలు పన్నెండుకే పెట్టమని.

అయ్యా,

రాత్రి తరగతి రెండవ సంవత్సరం విద్యార్థినినైన నేను సవినయంగా తెలుపుకొనునది:

1. జూలైలో తాము తరగతికి వచ్చి, చదువు విషయాల్లో విద్యార్థుల తరఫున మాట్లాడే ప్రతినిధిగా ఎవరుంటారని మూడుసార్లు అడిగితిరి. అందరూ తలలు వంచుకొనిరి. నా పక్కన కూర్చునే బుజ్జమ్మ, "ఎత్తక్కా చెయ్యి. ఇంట్ల అందరి లెక్కలు నువ్వే సూస్తవ్, మావి గూడ జర సూడు" అన్నది. నేను ఇష్టపూర్వకంగానే ఎత్తితిని.

2. సదరు బుజ్జమ్మ మల్దకల్ దిక్కు నుండి వస్తుంది. ఈ రెండు నెలలు విత్తనాల కోసం పెంచే సీడు పత్తిలో క్రాసింగ్ కూలి. పొద్దున విచ్చిన పూలకు పుప్పొడి రుద్దాలి, సాయంత్రం మరునాటి మొగ్గలు గిల్లి గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. నడుమ పగటిపూట కొంచెం తెరిపి. వచ్చే బుధవారం పరీక్ష పన్నెండుకని మొదట ప్రకటించినప్పుడు ఆమె చప్పట్లు కొట్టింది. తరువాత, పేపరు తెచ్చే అయ్యగారు హైదరాబాదు బస్సు అందుకోవాలని తొమ్మిదికి మార్చినారు.

3. ఆ సంగతి సోమవారం కమిటీలో లేవనెత్తితిని. డీన్ శాంతయ్య అయ్యగారు ఎంతో ప్రేమగా, "మంచి మాట చెప్పినవమ్మా, ప్రార్థనలో పెడదాం" అన్నారు. అందరం తలలు వంచినాము. ప్రార్థన నడుమ వారు, "తొమ్మిది గంటలకు జరుగబోవు పరీక్షను దీవించు తండ్రీ" అన్నారు. ప్రార్థన ముగియగానే నేను ఆమెన్ అంటిని. పుట్టి బుద్ధెరిగిన నాటి నుండి ప్రార్థన ముగిస్తే అంటున్నాను. అనకుండా ఎట్లుంటాను?

4. మినిట్స్ పుస్తకంలో "ప్రతినిధి సమ్మతించినారు" అని ఉన్నది. గుమాస్తా శ్రవణ్ కుమార్‌ను అడిగితే, "అందరికన్న గట్టిగ మీరే అన్నరు గదమ్మా" అని నవ్వినాడు. గట్టిగా అన్నమాట నిజమే. డీన్ గారి వద్దకు పోతే, దేవుని చేతిలో పెట్టినదాన్ని మళ్లీ మనం తీసుకోరాదని చెప్పినారు. వందనాలని చెప్పి వచ్చితిని.

5. ఇంట్లో మా ఆయన, "నా మాటకు ఒక్కనాడు ఆమెన్ అనలే, ఆడికి వొయ్యి అని వచ్చినవా?" అన్నారు. ఇది అర్జీలో రాయదగినది కాదు. కొట్టివేస్తే కాగితం పాడవుతుందని ఉంచితిని.

6. పొద్దున పువ్వు తప్పితే ఆ పువ్వు పోయినట్టే. ఒక్క పూట పని ఎగ్గొడితే మేస్త్రీ మళ్లీ పిలవడు. పరీక్ష తప్పితే ఏడాది పోతుంది. ఆమె మళ్లీ ఫీజు కట్టి చదవలేదు. వాళ్ల ఊరి ఆడవాళ్ల కూటానికి బైబిలు వాక్యం చెప్పాలని వచ్చిన మనిషి. "ఊకో అక్కా, నీ తప్పేముంది" అని నన్నే ఓదారుస్తుంది. అయ్యా, ఆమె తిట్టినా బాగుండేది.

కావున పరీక్షను పన్నెండుకు మార్చగలరు. అది కుదరనిచో ఆమె ఒక్కదానికైనా పగటిపూట పెట్టించగలరు, నేను కాపలా కూర్చుంటాను. అదీ కుదరనిచో నా ఆమెన్‌నైనా ఆ పుస్తకం నుండి తీసివేయ చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ధనలక్ష్మి,
భర్త ఇమ్మానుయేల్.

తా.క.: అర్జీ మడుస్తుండగా బుజ్జమ్మ వచ్చింది. చేను నుండి తిన్నగా వచ్చినట్టుంది, చేతులకు పొద్దుటి పుప్పొడి. నా దగ్గర తీసుకున్న వ్యాఖ్యాన పుస్తకం గడపలోనే చేతిలో పెట్టింది. "పరీక్ష అయినంక ఇయ్యరాదె" అంటే, "ఇంక నాకెందుకక్కా" అన్నది. చాయ్ తాగమన్నా ఆగలేదు. ఆమె చదివిన కాడికి గుర్తుగా ఎర్ర కాగితం ముక్క పెట్టి ఉన్నది. నేను తీయలేదు.

ఈ రోజు లెక్క: బుజ్జమ్మ, పుస్తకం ఒకటి, చెల్లు.