పెళ్లికానిదాని తల్లి రోజు

ఫోర్‌మన్ కపాంబ్వే గారికి,

మంగళవారం గులాబీల షెడ్డులో నెలసరి నొప్పితో వాంతి చేసుకుని, మన దేశపు చట్టం పెళ్లయినా కాకున్నా ఆడవాళ్లందరికీ నెలకొకటి ఇచ్చిన "తల్లి రోజు" సెలవు అడిగాను. మీరు అందరి ముందూ, "మొగుడే లేనిదానివి, నీకు తల్లి రోజేమిటే? ముందు కనిరా, పో!" అన్నారు. నేను ఇంటికి పోతే గైర్హాజరు వేశారు. ఇంకొకటి పడితే ఉద్యోగం ఊడుతుందన్నారు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. అయినా సంతలో మంత్రసానులు చదువుకునే పాత పుస్తకం కొని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోను ఎక్కడి నుంచో రాదు, గర్భసంచి తన గోడలోనే తయారు చేసుకుంటుంది. నెలనెలా గర్భసంచిని పిండేది అదే. కాన్పులో బిడ్డను బయటికి తోయడానికి సాయపడేదీ అదే. పెళ్లయిందా అని అది ఎవరినీ అడగదు.

నిన్న భోజనాల వేళ, ఇక్కడిదాకా రాసిన ఈ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. ఏడుగురిని కన్న ముతింతా పెద్దమ్మ మొక్కజొన్న పిండి న్షిమా ముద్ద చేతిలోనే ఉంచుకుని, "అయితే కపాంబ్వేని వాళ్లమ్మ కడుపూ ఇలాగే పిండి బయట పడేసిందన్నమాట! అదీ రాయవే" అంది. రాశాను.

గైర్హాజరు కొట్టేసి, అక్కడ తల్లి రోజు అని రాయండి. కింద పద్నాలుగు మంది తల్లుల సంతకాలున్నాయి. అందరికన్నా పైన ఉన్నది నాది, ఇంకా తల్లిని కానిదానిది.