ముందరి ఎడమ కొమ్ము

ఎర్సీలియా టీచరమ్మ గారికి,

కోజిమో నమస్కరించి రాయునది. ఎదురింట్లోనే ఉంటూ ఉత్తరమేమిటనుకోకండి. మీతో మాట్లాడబోతే మూడో మాటకే నోరు ఎండిపోతుంది.

పునీత మరీనా పండగకి ఆ అమ్మ విగ్రహం ఉన్న పల్లకి మోసే బోయీల పేర్లు మీరు చర్చి తలుపుకి అంటించారు. పల్లకి మోత కర్రల్లో ముందరి ఎడమ కొమ్ము దగ్గర "లామిన్ సీసే, అక్రమ వలసదారు" అని ఉంది. పడవలో వచ్చి, నా దగ్గర వలలు అల్లుతున్న మనిషి. ఆ మాట చూసి మిగతావాళ్ళు అతని పక్కన నిలబడరేమోనని భయం. దయచేసి మార్చండి.

ఇట్లు,
కోజిమో

తా.క.: ఇంటిపేర్లు రాశారుగాని, మన ఊళ్ళో అవి ఎవరికి తెలుసు? నూన్జియోని "ఉప్పు" అంటేనే, నన్ను "మూగోడు" అంటేనే పోస్టుమాన్‌కి కూడా తెలిసేది.

---

కోజిమో అన్నయ్యకు,

మీరన్నది నిజం. చేసిన పని అక్రమం కావచ్చు, మనిషి అక్రమమెలా అవుతాడు? "అనుమతి లేని వలస కార్మికుడు" అని మార్చాను. ఇప్పుడు పత్రికల మర్యాద ఇదే.

మీ,
ఎర్సీలియా

తా.క.: ఆ కాగితం ముందు మన పాత బోయీ సవేరియో చాలాసేపు నిలబడి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఒంట్లో బాగోలేదా?

---

టీచరమ్మ గారికి,

సవేరియో ఒళ్ళు బాగానే ఉంది. మేడే బాగోలేదు. మున్సిపాలిటీకి చెప్పకుండా రెండో అంతస్తు లేపాడు కదా. "అనుమతి లేని అంటే నన్నే! ఇన్నేళ్ళు మోసిన భుజానికి చర్చి చేసే సన్మానం ఇదా, కోజిమో?" అని కొమ్ము వదిలేశాడు. ఇంకో మాట చూడండి.

ఇట్లు,
కోజిమో

తా.క.: వాళ్ళ బావమరిదీ మానేశాడు. ఆయన కాపురం ఆ రెండో అంతస్తులోనే.

---

అన్నయ్యకు,

"పత్రాలు లేని వ్యక్తి" అని రాశాను. ఇది ఎవరికీ తగలదనుకున్నాను. పొద్దున్నే నూన్జియో నా కిటికీ కింద చేపల బండి ఆపి, "నా బండికి కాగితాల్లేవని దేవుడి తలుపుకే అంటిస్తావా టీచరమ్మా? నీకు తాజా చేపలిచ్చిన పాపానికా!" అని ఊరంతా వినేలా అరిచాడు. అతనూ మోతకి రాడట.

పోనీ, "దొంగచాటుగా వచ్చినవాడు" అందామా? పాత మాటే కదా.

మీ,
ఎర్సీలియా

తా.క.: బోయీలు ఇంకా తగ్గితే పల్లకి గడప దాటదు కదూ?

---

టీచరమ్మ గారికి,

ఆ మాట అసలే వద్దు. మన బోయీల్లో విత్తాలియానో స్విట్జర్లాండుకు కూలికి వెళ్ళినప్పుడు కూతుర్ని కారు డిక్కీలో దుప్పట్ల కింద దాచి తీసుకెళ్ళాడు. చర్చిలో పాటల బృందాన్ని నడిపేది ఇప్పుడు ఆ పిల్లే. ఆ మాట వేస్తే మోతతోపాటు పాట కూడా పోతుంది.

నిన్న లామిన్, "మామా, నా మూలంగా మీ మరీనా అమ్మ చర్చి లోపలే ఉండిపోతుందంటే నేనే తప్పుకుంటా" అన్నాడు. అతను తప్పుకుంటే ఆ మూల పట్టేవాడు లేడు. నా నడుము సంగతి మీకు తెలుసు.

ఇట్లు,
కోజిమో

తా.క.: ఆ మాట విన్నాక నా ముడులన్నీ తప్పాయి. తర్వాత అల్లిన వలంతా విప్పాల్సి వచ్చింది.

---

మూగోడు గారికి,

పండగకి ముందే ఆ కాగితం చింపేసి, ఊరు పిలిచే పేర్లతో కొత్తది అంటించాను. "ఉప్పు", "గుమ్మడికాయ", ఇలా. తాత నుంచి వచ్చిన "గుమ్మడికాయ" పేరు తలుపు మీద చూసుకుని సవేరియో మీసం దువ్వాడు. నూన్జియో చేపలు పంపి, మోతకొస్తానన్నాడు. లామిన్‌కి పేరెలాగా అని చేపల బజారులో అడిగితే, "పేరు లేకపోవడమేంటి తల్లీ! అతను ఎడమ భుజం కదా" అన్నారు. పల్లకి ఎత్తి చూసుకున్న మొదటి రోజే పెట్టేశారట. నాకే తెలియలేదు.

పండగ రోజు మీరు పల్లకి ముందు నడుస్తుంటే, వెనకాల జరిగింది ఇది. ఉత్తరాది నుంచి వచ్చిన కొత్త పోలీసు మార్షల్ దేశం విడిచి పొమ్మనే ఆర్డరొకటి పట్టుకుని, "లామిన్ సీసే ఎవరు?" అని అందరినీ అడిగాడు. నూన్జియో సిలువ ముట్టుకుని, "అలాంటి పేరు పుట్టి బుద్ధెరిగి వినలేదు సారూ" అన్నాడు. పాపం, అబద్ధం కాదు. ఇంటిపేరుతో అడిగితే అతనికి సొంత మామే తెలియడు.

మీ,
ఎర్సీలియా

తా.క.: మెట్ల దగ్గర పల్లకి ఒరిగినప్పుడు పరుగున వచ్చి పక్క కొమ్ము పట్టింది ఆ మార్షలే. లామిన్ పక్కనే రేవుదాకా మోశాడు. బజారులో అతని పేరు "కుడి భుజం". ఆ సంగతి అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు.