గోరింట మూల రషీదాకే

కేసముద్రం, వరంగల్ జిల్లా. రాష్ట్రం పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలాను. తెలంగాణ వచ్చాక నింపుకోండి.

మార్కెట్ యార్డులో గుమస్తాగా రిటైరైన అబ్దుల్ వహాబ్ అనే నేను, గుండె ఆపరేషన్‌కు హైదరాబాద్ పోయే ముందు, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహతో రాసుకున్న వీలునామా ఇది. స్పృహ పూర్తిగానే ఉంది. తెలివి సంగతి చదివి మీరే తేల్చుకోండి.

1. ఇల్లు, ఎకరం చేను షరియత్ వాటాల ప్రకారం నా భార్య రషీదా బేగం, కొడుకు యాసిన్, కూతురు అర్షియా పంచుకోవాలి. అందులో నా పెత్తనం లేదు, ఇంట్లో ఎప్పుడూ లేనట్టే.

2. పెరట్లో గోరింట ఉన్న మూల మాత్రం రషీదా వాటాలోకే రావాలి. యాసిన్ అక్కడ అద్దెకిచ్చే మడిగె, అంటే దుకాణం గది, కట్టాలని చూస్తున్నాడు. కురవిలో రషీదా అన్నదమ్ములు వాకిలి పంచుకున్నప్పుడు గోడ కోసం వాళ్లమ్మ పెంచిన గోరింటను నరికేశారు. అందులో ఒక కొమ్మను రషీదా తడిగుడ్డలో చుట్టి తెచ్చి నాటుకుంది. తల్లిగారింటి నుంచి ఆమెకు మిగిలింది అదొక్కటే. షరియత్ ప్రకారం, నా తర్వాత పిల్లలిద్దరూ ఒప్పుకుంటేనే ఈ అంశం చెల్లుతుంది. అందుకే ఆజ్ఞాపించడం లేదు, అడుగుతున్నాను.

3. ఆ మొక్క ఆకులు నాటిన కొన్నాళ్లకే పసుపెక్కాయి. పత్తి రైతులకు అడగకుండానే సలహాలిచ్చిన నేను ఊరుకుంటానా? బలం చాలలేదని యూరియా వేశాను. ఎండ ఎక్కువైందని గోనెసంచితో పందిరి వేశాను. చివరికి దిష్టి అన్నాను. పాపం, అన్నీ ఓర్చుకుంది.

సకల జనుల సమ్మెలో రోజూ పొద్దంతా దీక్షా శిబిరంలోనే కూర్చున్నాను. ఆ రోజుల్లోనే కొత్త చిగురు వచ్చింది. నా యూరియా మహిమ అని శిబిరమంతా చాటాను. సమ్మె ఆగి ఇంటిపట్టున ఉన్నానో లేదో, ఆకులు మళ్లీ పసుపెక్కాయి. అప్పుడు రషీదా అన్నది: "మీరు సమ్మెల కూసున్నన్ని దినాలే చెట్టు మంచిగున్నది. జర దానికి దూరముండుండ్రి."

నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ నీళ్లు మురుగులో కలవకూడదని, పూటపూటకూ దాని మొదట్లోనే కూర్చుని వజూ చేసేవాణ్ని. అసలే నల్లరేగడి. నీళ్లు నిలిచి వేర్లు కుళ్లుతున్నాయి. వేలు గుచ్చి చూసి, లోపల తడి ఆరాకే నీళ్లు పోయండి. యూరియా జోలికి పోవద్దు.

4. నా మాట నమ్మి నిమ్మమొక్కను చంపుకున్న పొరుగింటి ధన్‌సింగ్‌కు నా సైకిల్ ఇవ్వాలి. బ్రేకులు చూసుకోమనండి.

5. భర్త పోయిన భార్య పాటించే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడువు తీరాక వచ్చే ఈదు పండుగకు రషీదా చేతులకు గోరింట పెట్టాలి. అర్షియా నూరాలి. భర్త పోయినదానికి గోరింటేమిటని ఎవరైనా అంటే ఈ అంశం చదివి వినిపించండి. పండిన ఆమె చేతులంటే నాకు ప్రాణం. ఎదురుగా చెప్పడానికి ఇన్నేళ్లూ సిగ్గుపడ్డాను.

తేదీ: 30 నవంబరు 2011

సాక్షులు: శ్రీపాల్ (యార్డులో తోటి గుమస్తా), సుభాష్ (శిబిరంలో నా పక్కన కూర్చున్నవాడు)

వీధి కుళాయి దగ్గర వజూ చేసి వచ్చి పెట్టిన సంతకం:
అబ్దుల్ వహాబ్