నాయన పడవ బ్యాటరీకి పసుపునీళ్ళు వద్దు

వేలూరు, గురువారం

అమ్మా, నాయనా, నేను బాగుండాను. చెయ్యి కాలిందని నాతో పనిచేసే మోహన మీకు చెప్పిందంట. వేళ్ళ మీద బొబ్బలు లేచినాయి, అంతే. అన్నం నేనే కలుపుకొని తింటా ఉండాను.

ఆయుధపూజ రోజు ఒక కరెంటు ఆటో ఆయన తన లిథియం బ్యాటరీ పెట్టె మీదనే టెంకాయ కొట్టి, పసుపునీళ్ళు పోసినాడు. తడి లోపలికి దిగింది. మా బ్యాటరీ రిపేరు షాపులో నేను దాన్ని విప్పగానే పొగ, మంట వచ్చినాయి. "సామికి చేసింది తప్పా పాపా?" అని ఆయన అడిగినాడు.

నాయన పడవ మోటారుకని పాత కరెంటు స్కూటర్లలోని మంచి సెల్స్ ఏరి నేను చేసిన బ్యాటరీ కూడా అట్లాంటిదే. డ్యామ్ నడుమ అది మండితే నాయన యాడికి పోతాడు? కొత్త వలకైనా పసుపునీళ్ళు చల్లందే నువ్వు నీళ్ళలో దించనియ్యవు కదమ్మా. దీనికి మాత్రం వద్దు. టెంకాయ గట్టు మీద కొట్టు. ఈ కార్డు చదివే ఉదయకుమారన్నా, ఈ మాట ఇంకోసారి చదివి వినిపించు.

నాయన భుజం నొప్పి తగ్గిందా? ఆదివారం నేనే బ్యాటరీ తెచ్చి పడవకు బిగిస్తాను. అందాకా తెడ్డుతో దూరం పోవద్దని చెప్పు. నా పాత దుప్పటి ఉతికిపెట్టు. అవ్వకు నా దండాలు.

బొట్టు లేకుండా దించుతామని దిగులుపడొద్దమ్మా. బ్యాటరీ పెట్టె మూత బిగించినాక పొడి కుంకుమ పెట్టి, చెరిగిపోకుండా పైన టేపు అతికించినాను.

మీ బిడ్డ,
కాంచన