మంచం అంచున చేపలు

అమ్మకు నీ కూతురు థోవా దణ్ణాలు పెట్టి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మరీ బాగున్నామని మాత్రం రాయను, దిష్టి తగులుతుందంటావు. సైగాన్‌లో అన్నయ్య, వదిన, పసిపాప కూడా అలాగే ఓ మోస్తరుగా బాగున్నారని తలుస్తాను.

నీ మనవడు, మా కున్ ఇంకా వికారంగానే ఉన్నాడా అని అడిగావు. మహా వికారంగా ఉన్నాడు. బుగ్గలు అసహ్యంగా బూరెల్లా ఉబ్బాయి. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇక నా ఉద్యోగం సంగతి. మా ఆసుపత్రిలో అత్యవసరంగా వచ్చే పిల్లల బాధ్యత నా నెత్తిన పెట్టారు. చిన్న మాస్కులు, సన్న సూదులు తెప్పించాను. చిక్కల్లా బరువుతోనే. పిల్లలకు మందు బరువును బట్టి ఇవ్వాలి. మన ముసలమ్మలేమో బరువు పైకి చెబితే బిడ్డ చిక్కిపోతుందంటారు. ఒకావిడను "మనవడు ఎన్ని కిలోలు?" అని అడిగాను.

"వీడికి బరువెక్కడిదమ్మా, గాలికి ఎగిరిపోయే వెధవ!" అంది. ఆ వెధవను ఎత్తేసరికి నా నడుం పట్టేసింది.

పోనీ, పొడవును బట్టి బరువు చెప్పే టేపు ఉంది కదా అని పిల్లాణ్ణి పడుకోబెట్టి కొలవబోయాను. ఆవిడ టేపు లాగేసుకుంది.

"బతికున్న బిడ్డకు శవపేటిక కొలతలు తీస్తావా? నీ చేతులు పడిపోను!"

చివరికి ఖియెమ్ డాక్టరు, నేను కలిసి మంచం అంచు పొడవునా రంగురంగుల చేప బొమ్మలు గీయించాం. తల ఎర్రగీత దగ్గర పెడితే, మడమ ఏ చేప దగ్గరుంటే ఆ చేపకు మేం రాసుకున్నదే బిడ్డ బరువు. ముసలమ్మలు బొమ్మలు చూసి మురిసిపోయారు. నేను నర్సులందరినీ కూర్చోబెట్టి, బరువు తక్కువ చెబితే మందు చాలదనీ, మూఢనమ్మకాలు ప్రాణం మీదికి తెస్తాయనీ ఒకటే దంచాను.

అమ్మా, ఇప్పుడు రాసేది చదివి కంగారుపడకు. కున్ నా పక్కనే కూర్చుని గంజి ఒలకబోస్తున్నాడు. పోయిన వారం వాడికి జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఎత్తుకుని పరుగెత్తాను. మంచం మీద పడుకోబెట్టగానే ఖియెమ్ డాక్టరు సూదిమందు పట్టుకుని, "బరువెంత చెల్లెమ్మా, తొందరగా!" అన్నారు.

అంతకు రెండ్రోజుల ముందే తూచాను. అయినా ఆ బరువు పైకి అంటే ఏ దయ్యమో విని వీణ్ణి ఎత్తుకుపోతుందనిపించింది. భయంతో చచ్చిపోయాననుకో.

"వీడికి బరువెక్కడిదండీ, పది ఉంటాడేమో" అన్నాను. నేనే!

ఆయన వాడి మడమ వైపు చూశారు.

"నువ్వు పదంటున్నావు, పచ్చచేప ఇంకో మాటంటోంది. నేను చేప మాటే వింటాను" అని మందు ఇచ్చేశారు. కాసేపటికి వాడి ఒళ్ళు కుదుటపడింది. నేను గోడకానుకుని భోరున ఏడ్చాను. అప్పటినుంచీ నర్సు పిల్లలు "అక్కా, ఉపన్యాసం మళ్ళీ ఎప్పుడు?" అని నన్ను ఏడిపించుకు తింటున్నారు.

వాడి అసలు బరువెంతో ఈ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు, చూశావా? వచ్చి నువ్వే ఎత్తుకుని చూసుకో. పైకి మాత్రం ఏమీ అనకు.

ఇట్లు,
మూఢనమ్మకాలు బొత్తిగా లేని నీ కూతురు,
థోవా